ఎలుకల మందుకు తాళం వేసిన పెట్టె కావాలి: మునిసిపల్ అధికారులకు, పెస్ట్ కంట్రోల్ యజమానులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మునిసిపల్ కమిషనర్లకు, ప్రభుత్వ హాస్టళ్ళు, ఆస్పత్రుల నిర్వహణ చూసే అధికారులకు, పెస్ట్ కంట్రోల్ సంస్థల యజమానులకు నమస్కారం.

నేను పంతొమ్మిదేళ్ళుగా పెస్ట్ కంట్రోల్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఎలుకలు, బొద్దింకలు, చెదలు, వీటి మీదే నా కుటుంబం బతుకుతోంది. ఎలుకల మందు వాడొద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ మందును పెట్టె లేకుండా, నేల మీద, పేపర్ ప్లేటులో పెట్టే పద్ధతి ఆపమని అడగడానికి రాస్తున్నాను. ఇదే విషయం మీద రెండేళ్ళలో మూడు అర్జీలు ఇచ్చాను. రెండింటికి రసీదు ఇచ్చారు, మూడోదానికి అదీ లేదు. జవాబు దేనికీ రాలేదు. అందుకే అందరూ చదివేలా రాయాల్సి వచ్చింది.

ముందు జరిగింది చెప్తాను. తప్పు చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి దాచుకోవడానికేం లేదు.

రెండేళ్ళ కిందట వానాకాలంలో ఒక హాస్టల్ వంటగదికి పిలిచారు. బియ్యం బస్తాలు కొరికేస్తున్నాయని కంప్లయింట్. గోడ వెంబడి జిడ్డు చార కనిపించింది. ఎలుకలు రోజూ ఒకే దారిలో గోడకు ఒళ్ళు రాసుకుంటూ వెళ్తే అలాంటి చార పడుతుంది. ఆ దారిలో, బస్తాల వెనక, పేపర్ ప్లేట్లలో నీలం రంగు బిళ్ళలు పెట్టాను. మేం కేకులు అంటాం. మైనంతో చేసినవి, చాక్లెట్ ముక్కంత ఉంటాయి, మధ్యలో చిల్లు. సంస్థలో నాకు నేర్పించిన పద్ధతి అదే. నేను పదిహేడేళ్ళు చేసిన పద్ధతీ అదే.

నాలుగో రోజు మళ్ళీ చూడ్డానికి వెళ్ళాను. గుమ్మంలోనే వంటక్క ఎదురొచ్చింది. "తమ్ముడూ, నీ నీలం బిళ్ళ మా పాప నోట్లో పెట్టుకుంది, ఇప్పుడే లాగేశాను" అంది. పాపకు రెండేళ్ళు. ఇంటి దగ్గర చూసేవాళ్ళు లేక అక్క రోజూ పనికి తనతోపాటు తెచ్చుకునేది. బిళ్ళ తీసుకుని చూశాను. ఎలుక కొరికితే ఉలితో గీసినట్టు పక్కపక్కనే రెండు సన్నటి గీతలు పడతాయి. ఆ బిళ్ళ మూల మీద ఉన్నవి అవి కావు. వెడల్పుగా, వంపుగా, నాలుగు చిన్న పాలపళ్ళ గాట్లు. ఇంకా తడిగా ఉన్నాయి.

ఆస్పత్రికి పరుగెత్తాం. డాక్టర్‌గారు అడిగిన మొదటి మాట: "ఏం మందు?" అక్కకు తెలియదు. హాస్టల్‌లో ఎవరికీ తెలియదు. ప్లేటు మీద ఏమీ రాసి లేదు. ప్యాకెట్ నా బ్యాగులో ఉంది, ఆ సమయానికి నేను అక్కడ ఉన్నాను. ఆ రెండూ కలిసొచ్చాయి కాబట్టి బ్రోమాడయోలోన్ అని చెప్పగలిగాం. రక్తం గడ్డకట్టనివ్వని మందు అది. ప్రభావం వెంటనే తెలియదు కాబట్టి రెండు రోజులు ఆగి రక్తపరీక్ష చేశారు. కొంచెం తేడా కనిపిస్తే విరుగుడుగా విటమిన్ కె1 ఇచ్చారు. పాప కోలుకుంది. ఆ రెండు రోజులూ అక్క పాప పెదవి పైకెత్తి చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందా అని గంటగంటకూ చూస్తూనే ఉంది. నేను ఆ వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాను.

ఒక మాట మీకు గట్టిగా చెప్పాలి. పాప తిన్నది ఆ మందు కాబట్టి, తిన్నది ఒక మూల మాత్రమే కాబట్టి గండం గడిచింది. అదే ప్లేటులో జింక్ ఫాస్ఫైడ్ కలిపిన నూకలు ఉంటే? మన ఊళ్ళలో ఎక్కువగా వాడేది అదే. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు ఆ నల్లటి పొడి. కడుపులోకి వెళ్ళగానే అక్కడి ఆమ్లంతో కలిసి ఫాస్ఫిన్ అనే విషవాయువు పుడుతుంది. దానికి విరుగుడు లేదు. పసుపు భాస్వరం పేస్టు సంగతి ఇంకా ఘోరం. మొదట వాంతులవుతాయి, తర్వాత ఒకటి రెండు రోజులు మనిషి బాగానే కనిపిస్తాడు, తగ్గిపోయిందనుకుని ఇంటికి తీసుకెళ్తారు, ఆపైన కాలేయం దెబ్బతింటుంది. పైగా అది టూత్‌పేస్టులాగే ట్యూబులో వస్తుంది.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి చెప్తాను. ఆ హాస్టల్‌లో ప్లేట్లు పెట్టిన రోజు ఉదయమే నేను ఒక రొయ్యల ఎగుమతి ప్లాంటులో పనిచేసి వచ్చాను. అక్కడ ప్రతి ఎరా తాళం ఉన్న నల్లటి ప్లాస్టిక్ పెట్టెలో ఉంటుంది. పెట్టెకు నంబరు ఉంటుంది, గోడ మీద మ్యాపు ఉంటుంది, తెరిచిన ప్రతిసారీ తేదీ వేసి సంతకం పెట్టాలి. విదేశీ కొనుగోలుదారుల ఆడిటర్ వచ్చి చూస్తాడు. మందుల కంపెనీల్లోనూ ఇదే పద్ధతి. అంటే ఈ పని ఎలా చేయాలో మాకు తెలియక కాదు. ఉదయం పెట్టెలో పెట్టిన చేతులతోనే సాయంత్రం పిల్లలుండే చోట పేపర్ ప్లేటులో పెట్టాను. అక్కడ అడిగేవాళ్ళున్నారు, ఇక్కడ లేరు. తేడా అంతే.

మరి ఎలుకలను వదిలేయమంటావా అని అడుగుతారు. వద్దు. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వాస్పత్రిలో ఎలుకలు కరిచి పసికందు చనిపోయిన సంగతి మనం మర్చిపోలేదు. 2022లో వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో ఐసీయూలో ఉన్న రోగిని ఎలుకలు కొరికాయి. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళలో తిరిగితే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు. ఎలుకలను అదుపు చేయాల్సిందే. కానీ ఎలుకల నుంచి కాపాడాలని పెట్టిన మందే పిల్లల ప్రాణం మీదికి రాకూడదు. 2024 నవంబరులో చెన్నై శివారు కుంద్రత్తూరులో పెస్ట్ కంట్రోల్ వాళ్ళు ఇంట్లో ఎలుకల మందు పెట్టి వెళ్ళాక ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు మా పనివాళ్ళం ఎవరం సరిగ్గా అన్నం తినలేదు.

అసలు పెట్టె ఎలా ఉండాలో మీకు వివరంగా చెప్పాలి. ఎందుకంటే "పెట్టె పెట్టండి" అని ఒక్క ముక్క రాస్తే రేపు అట్టపెట్టెకు చిల్లు పొడిచి బిల్లు పెట్టేవాళ్ళు ఉంటారు.

ఆ సంఘటన తర్వాత నేను సొంత డబ్బుతో ఒక పెట్టె కొన్నాను. నాలుగంగుళాల పీవీసీ పైపుతో ఇంకొకటి సొంతంగా తయారు చేశాను. మందు ఎప్పుడూ తాకని కొత్త పెట్టెల్లో చాక్లెట్ పెట్టి, మా వీధి పిల్లలకు వాళ్ళ అమ్మానాన్నల ముందే ఇచ్చి "తీసుకోండి చూద్దాం" అన్నాను. నా పైపు పెట్టె ఒక్క నిమిషం కూడా నిలవలేదు. నాలుగేళ్ళ బాబు దాన్ని తలకిందులు చేసి గలగలా ఆడించాడు, చాక్లెట్ జారి నేల మీద పడింది. కొన్న పెట్టె దగ్గర ఇంకో పాప చెంచా కాడ మూత సందులో దూర్చి ఎత్తింది, క్లిప్పు ఊడింది. పుస్తకాల్లో చదివినదానికంటే ఆ సాయంత్రం ఆ పిల్లల దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ.

పెట్టె లోపల నిలువుగానో అడ్డంగానో ఇనుప చువ్వ ఉండాలి. బిళ్ళ మధ్యలో చిల్లు ఉండేది ఆ చువ్వకు గుచ్చడానికే. ఎంత ఊపినా బయటికి రాకూడదు. దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఎలుకలు, ముఖ్యంగా పందికొక్కులు, తిండి ఎత్తుకెళ్ళి దాచుకుంటాయి. విడిగా పెట్టిన బిళ్ళను బస్తాల వెనక నుంచి లాక్కెళ్ళి పప్పుల డబ్బాల మధ్య వదిలేసిన సందర్భాలు నా కళ్ళతో చూశాను. మనం ఎక్కడ పెట్టామో రాసుకున్నా, ఎలుక ఎక్కడికి మోసిందో మనకు తెలియదు. చువ్వకు గుచ్చితే అక్కడే కొరుక్కుని తినాలి.

ఎలుక దూరే కన్నం రెండున్నర అంగుళాలు ఉంటే చాలు. కానీ ఆ కన్నంలో రెండేళ్ళ పిల్ల చేయి కూడా దూరుతుంది. అందుకే లోపల అడ్డుగోడ కావాలి. ఎలుక మలుపు తిరిగి వెళ్తుంది, చేయి మలుపు తిరగలేదు. కన్నాలు రెండు వైపులా ఉండాలి. ఎదుటి దారి కనిపిస్తేనే ఎలుక ధైర్యంగా లోపలికి పోతుంది. పెద్ద జాతి పందికొక్కుకు ఈ కన్నం చాలదు. కన్నం పెంచితే చేయి ఇంకా లోపలికి పోతుంది కాబట్టి పెట్టె పొడవూ పెంచాలి. నన్నడిగితే పిల్లలు తిరిగే చోట పెద్ద పందికొక్కుకు మందు వద్దు, బోను పెట్టి, బొరియ మూసేయడం మంచిది.

మూతకు తాళంచెవి తప్పనిసరి. చేత్తో, చెంచాతో, స్క్రూడ్రైవర్‌తో తెరుచుకునేది తాళం కాదు. పెట్టెను నేలకో గోడకో బిగించాలి, లేదా సిమెంటు పలకకు అతికించాలి. మన దగ్గర ఇది రెండు రకాలుగా అవసరం. వీధి కుక్కలు లాక్కుపోతాయి. పాత ప్లాస్టిక్‌కు డబ్బులొస్తాయి కాబట్టి ఏరుకునేవాళ్ళు తీసుకుపోతారు, అప్పుడు విషం ఎవరి ఇంటికి చేరుతుందో ఊహించండి. ఆరుబయట పెట్టేది ఎండకు పెళుసెక్కకూడదు, మన వానలకు నీళ్ళు నిలవకూడదు. తడిసి బూజు పట్టిన బిళ్ళను ఎలుక ముట్టదు, అదీ దండగే.

ఇంకో సంగతి, పెట్టె పెట్టగానే ఎలుకలు రాలేదని మర్నాడే తీసేయొద్దు. కొత్త వస్తువును చూస్తే ఎలుకకు భయం. మొదట కొన్ని రోజులు మందు లేని నూకలు పెట్టి అలవాటు చేయాలి. కాంట్రాక్టు ఇచ్చేవాళ్ళు ఆ గడువు ఇవ్వాలి. మూడు రోజుల్లో ఎలుకలు కనిపించకూడదని ఒత్తిడి పెడితే, నాలాంటివాడు మళ్ళీ ప్లేటు దగ్గరికే పోతాడు.

పైపు పెట్టె గురించి రైతు సోదరులకు ఒక మాట. పొలం గట్టు మీద పిట్టలు తినకుండా, వానకు తడవకుండా ఉండటానికి అది పనికొస్తుంది. ఇంట్లో, పశువుల కొట్టంలో, కోళ్ళు తిరిగే చోట మాత్రం దాన్ని నమ్మొద్దు.

ఇవేవీ నేను కొత్తగా కనిపెట్టినవి కావు. అమెరికాలో పర్యావరణ పరిరక్షణ సంస్థ 1994లోనే ఇలాంటి పెట్టెకు ఉండాల్సిన లక్షణాలు రాసిపెట్టింది. 2008లో ఇంకో నిర్ణయం తీసుకుంది. ఇళ్ళవాళ్ళకు అమ్మే ఎలుకల మందు విడి గింజలుగా అమ్మకూడదు, పెట్టెతో కలిపే అమ్మాలి అని. బ్రోమాడయోలోన్ లాంటి మందులను ఇళ్ళవాళ్ళకు అమ్మే సరుకులోంచే తప్పించింది. అక్కడ పెట్టెలను చిన్నపిల్లలతో, కుక్కలతో పరీక్ష చేయించి, ఏది ఎక్కడ పెట్టొచ్చో తరగతులుగా విడదీస్తారు. మనకు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ ఉంది, అక్కడ ఎలుకల నివారణ మీద శిక్షణ ఇచ్చే నిపుణులున్నారు. మన పందికొక్కుకు, మన వానకు, మన వంటగదికి తగిన పెట్టెను పరీక్షించి చెప్పగలిగినవాళ్ళు మన దగ్గరే ఉన్నారు.

ఇలా పెట్టె లేకుండా మందు పెట్టే పద్ధతి వల్ల నష్టపోయేది ఎవరో నేను రోజూ చూస్తున్నాను:

1. పనికి వెంట తెచ్చుకున్న పిల్లలు. వంటమనుషులు, వాచ్‌మన్‌లు, ఊడ్చేవాళ్ళ పిల్లలు మెట్ల కింద, బస్తాల పక్కన, మోటారు గదిలో ఆడుకుంటారు. మేం మందు పెట్టేది సరిగ్గా ఆ చోట్లలోనే. ఆఫీసర్ల పిల్లలు అక్కడికి రారు.

2. తెల్లవారుజామున ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులు. ప్లేట్లు, చెల్లాచెదురైన నూకలు, చచ్చిన ఎలుకలు వాళ్ళు చేతులతోనే ఎత్తుతున్నారు. గ్లవుజులు చాలా చోట్ల లేవు. అది విషం అని వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు.

3. కోళ్ళు, మేకలు, పెంపుడు కుక్కలు పెంచుకునేవాళ్ళు. ఒక కోడి పోతే పెద్ద సంగతి కాదనుకుంటారు. గుడ్లమ్మి పిల్ల ఫీజు కట్టే ఇంట్లో అది పెద్ద సంగతే. మందు తిన్న ఎలుకను తిని పిల్లులు, గుడ్లగూబలు చనిపోతే ఎలుకలకు ఇంకా హాయి. ఈ నష్టాన్ని పెట్టె పూర్తిగా ఆపలేదు కానీ, మందు ఎంత ఖర్చవుతోందో లెక్క తెలుస్తుంది కాబట్టి అవసరానికి మించి పెట్టం.

4. డాక్టర్లు. ఏ విషమో తెలియకుండా వైద్యం చేయాల్సి వస్తోంది. మూడు మందులకు మూడు రకాల వైద్యం. పేరు తెలియక పోయే ప్రతి గంటా బిడ్డ ఖాతాలోంచే పోతుంది.

5. మా టెక్నీషియన్లు. ఏదైనా జరిగితే మొదట పోలీసులు పట్టుకునేది మమ్మల్నే. పెట్టె కొనమని అడిగితే "ఈ రేటుకు పెట్టెలు ఎక్కడివి" అంటారు. తక్కువ రేటు వేసినవాళ్ళకే టెండరు కాబట్టి యజమాని మాటా పూర్తిగా అబద్ధం కాదు.

అందుకే అడుగుతున్నాను:

1. మునిసిపాలిటీలు, ప్రభుత్వ హాస్టళ్ళు, అంగన్‌వాడీలు, ఆస్పత్రులు, రైతుబజార్లు ఎలుకల నివారణకు ఇచ్చే ప్రతి టెండరులోనూ తాళం ఉన్న, బిగించిన పెట్టెలోనే మందు పెట్టాలని షరతు రాయండి. పెట్టెల ఖర్చును వేరే వరుసలో చూపించండి. అలా చేస్తేనే నిజాయితీగా రేటు వేసినవాడు ఓడిపోడు. నేను కొన్న పెట్టె ధర నా ఒక్క రోజు కూలి కంటే తక్కువ, అది ఏళ్ళ తరబడి పనికొస్తుంది. పంతొమ్మిదేళ్ళలో నా చేతికి వచ్చిన ఏ ప్రభుత్వ పని కాగితంలోనూ పెట్టె గురించి ఒక్క వాక్యం చూడలేదు.

2. ప్రతి పెట్టె మీద తెలుగులో పెద్ద అక్షరాలతో మందు పేరు, విరుగుడు ఉందో లేదో, పెట్టిన తేదీ, టెక్నీషియన్ ఫోన్ నంబరు ఉండాలి. చదవలేనివాళ్ళ కోసం పుర్రె గుర్తు. లోపల ఇంకో కాపీ అతికించాలి, బయటిది వానకు చెరిగిపోతుంది.

3. పిల్లలుండే చోట విడి నూకలు, పొడి, పేస్టు పూర్తిగా ఆపండి.

4. తేమ తగిలితే అదే ఫాస్ఫిన్ విషవాయువు వదిలే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు నిపుణుల పర్యవేక్షణలో తప్ప వాడకూడదని నిబంధన ఉంది. అయినా కిరాణా కొట్లలో అడిగితే దొరుకుతున్నాయి. వ్యవసాయ శాఖ వాళ్ళు ఎరువుల షాపులతోపాటు కిరాణా కొట్లు కూడా తనిఖీ చేయాలి.

5. ఎన్ని పెట్టెలు పెట్టారు, ఎక్కడెక్కడ, చివరిసారి ఎప్పుడు తెరిచారు అనే మ్యాపు, రిజిస్టరు ఆ భవనంలోనే ఉండాలి. పని పూర్తయ్యాక మిగిలిన మందు లెక్కపెట్టి వెనక్కి తీసుకెళ్ళినట్టు సంతకం ఉంటేనే బిల్లు పాస్ చేయండి. రొయ్యలకు చేయగలిగిన పని పిల్లలకు చేయలేమా?

6. మందు కంటే ముందు చెత్త, డ్రైనేజీ మూతలు, గోడ కన్నాలు. రాత్రి మిగిలిన అన్నం వంటగది వెనకే పోస్తుంటే నేను ఎన్ని పెట్టెలు పెట్టినా ఎలుకలు నా బిళ్ళను ముట్టవు.

పెస్ట్ కంట్రోల్ యజమానులకు విడిగా ఒక విన్నపం. టెండరు షరతు వచ్చేదాకా ఆగొద్దు. ముందు హాస్టళ్ళు, అంగన్‌వాడీలు, అపార్ట్‌మెంట్ల మెట్ల కింద ఉన్న ప్లేట్లు తీయించండి. కొత్తగా చేరిన కుర్రాళ్ళకు మొదటి రోజే పెట్టె బిగించడం నేర్పించండి. నాకు ఎవరూ నేర్పించలేదు.

ఆ వంటక్క ఇప్పటికీ అదే హాస్టల్‌లో పనిచేస్తోంది. పాప ఈ ఏడాది అంగన్‌వాడీకి వెళ్తోంది. మొన్న పనిమీద ఆ అంగన్‌వాడీకి వెళ్ళాను. బీరువా వెనక పేపర్ ప్లేటు ఉంది. నేను పెట్టింది కాదు, వేరే వాళ్ళ కాంట్రాక్టు. అందులో నల్లబడ్డ నూకలు ఉన్నాయి. టీచరమ్మకు చెప్పి, గ్లవుజులు వేసుకుని తీసేశాను, దాని బదులు తాళంచెవి ఉన్న నా పెట్టె అక్కడ బిగించి వచ్చాను.

నా దగ్గర అలాంటిదే ఇంకో పెట్టె ఉంది. మీలో ఎవరు పిలిచినా, ఏ సోమవారం గ్రీవెన్స్‌కైనా తీసుకొస్తాను. మీ టేబుల్ మీద పెట్టి తెరిచి చూపిస్తాను.

ఇట్లు,
ఒక పెస్ట్ కంట్రోల్ టెక్నీషియన్